ప్రైమరీ బరిలో లెక్క తప్పకుండా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో రిపబ్లికన్ ప్రైమరీల గురించి, అంటే నవంబరు ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నికల గురించి, ఈ మధ్య ఉత్తరాలు బాగా పెరిగాయి. కన్జర్వేటివ్ అభ్యర్థిగా తామే నిలబడాలనుకునేవాళ్లు కొందరు, తమకు నచ్చినవాళ్ల తరఫున పనిచేయాలనుకునేవాళ్లు ఇంకొందరు. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: టెక్సస్ ప్రతినిధుల సభకు రిపబ్లికన్ ప్రైమరీలో పోటీ చేయాలనుకుంటున్నాను. రాజకీయాల్లో అనుభవం లేదు. ముందు డబ్బు కూడబెట్టుకోవాలా, పేరు తెలిసేలా తిరగాలా?
*ఎస్.వి., ఫ్రిస్కో*

రెండూ కాదు. ముందు ఎన్ని ఓట్లు కావాలో లెక్క వేయండి. డబ్బు ఎంత కావాలో, ఎక్కడ తిరగాలో ఆ లెక్కే చెబుతుంది.

దానికన్నా ముందు కాగితాల పని ఒకటుంది. టెక్సస్ ప్రతినిధుల సభకు అమెరికా పౌరసత్వం, 21 ఏళ్ల వయసు, రాష్ట్రంలో రెండేళ్లు, నియోజకవర్గంలో ఏడాది నివాసం ఉండాలి. ఒక్క డాలరు తీసుకోకముందే, ఖర్చుపెట్టకముందే టెక్సస్ ఎథిక్స్ కమిషన్‌లో ట్రెజరర్ నియామక పత్రం దాఖలు చేయాలి. వెబ్‌సైటుకు డబ్బు కట్టేశాక ఈ పత్రం గుర్తొస్తే ప్రత్యర్థి చేతికి మొదటి ఫిర్యాదు మీరే అందించినట్టు. నామినేషన్ రుసుము 750 డాలర్లు. గడువు డిసెంబరు రెండో సోమవారం. చివరి రోజుదాకా ఆగకండి. దరఖాస్తులో చిన్న తప్పు దొర్లినా దిద్దుకునే వ్యవధి ఉండదు.

ఇక ఓట్ల లెక్క. పోయిన గవర్నర్ ఎన్నికల ఏడాదిలో మీ నియోజకవర్గంలో ఇదే పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో 20,000 ఓట్లు పడ్డాయనుకుందాం. గవర్నర్ పదవికి పడ్డ ఓట్లు తీసుకోవద్దు. చాలామంది పైన రెండు మూడు పదవులకు వేసి కింద ఖాళీ వదిలేస్తారు. అధ్యక్ష ఎన్నికల ఏడాది లెక్కను గవర్నర్ ఏడాదికి వాడితే అదీ తప్పుతుంది, రెండింటిలో వచ్చే జనం వేరు. కొత్త కాలనీలు వచ్చాయి కాబట్టి ఈసారి 22,000 అనుకుంటే, సగానికి ఒకటి ఎక్కువ, అంటే 11,001 ఓట్లు కావాలి. అంచనా తప్పినా తట్టుకునేలా 11,500 లక్ష్యంగా పెట్టుకోండి. ముగ్గురు నలుగురు బరిలో ఉంటే రెండో లెక్క కూడా రాసుకోవాలి: రెండో స్థానంలో నిలిచి రనాఫ్‌కు (ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే మలి ఎన్నికకు) చేరడానికి ఎన్ని ఓట్లు చాలతాయి?

టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు. ఎవరికి ఓటు వేశారన్నది రహస్యమే గానీ, ఎప్పుడు ఏ పార్టీ ప్రైమరీలో ఓటు వేశారన్నది ఓటరు జాబితాలో కనిపిస్తుంది. ఆ జాబితా తెప్పించుకుని గత నాలుగు రిపబ్లికన్ ప్రైమరీల్లో నాలుగింటికీ వచ్చినవాళ్లను, మూడింటికి వచ్చినవాళ్లను విడదీయండి. మీ ఎన్నిక వీళ్ల చేతుల్లోనే ఉంది. నియోజకవర్గంలో లక్షా తొంభై వేలకు పైగా జనాభా ఉండొచ్చు, అందులో మీరు కలవాల్సినవాళ్లు పద్నాలుగు వేలే అనుకుందాం.

ఆ పద్నాలుగు వేల మంది 9,000 ఇళ్లలో ఉంటారనుకోండి. జాబితా పట్టుకుని తిరిగే వాలంటీరు గంటకు 15 తలుపులు తడితే మంచి వేగమే. నాలుగైదు తెరుచుకుంటాయి. 9,000 తలుపులకు 600 గంటలు. శనాదివారాల్లో పదిమంది రోజుకు మూడేసి గంటలు తిరిగితే ఇరవై రోజులు, అంటే పది వారాంతాలు. అది మొదటి చుట్టు మాత్రమే. ఇంట్లో లేనివాళ్లకు, ఎటూ తేల్చనివాళ్లకు రెండో చుట్టు తప్పదు. టెక్సస్ ప్రైమరీ మార్చి మొదటి మంగళవారం. ముందస్తు ఓటింగ్ దానికి 17 రోజుల ముందు, ఫిబ్రవరి మధ్యలోనే మొదలవుతుంది. నడుమ థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో ఎవరూ తలుపు తీసి మాట్లాడరు. వెనక్కి లెక్కించుకుంటూ వస్తే అక్టోబరులోనే రోడ్డెక్కాలని తేలుతుంది. జనవరిలో మొదలుపెట్టే కొత్త అభ్యర్థులు ఓడేది ఇక్కడే.

ప్రతి తలుపు దగ్గరా 1 నుంచి 5 వరకు అంకె వేయించండి: 1 అంటే మీకు ఖాయం, 5 అంటే ప్రత్యర్థికి ఖాయం. తీయగా మాట్లాడారని 1 వేయకూడదు. "మీ ఓటు మా అభ్యర్థికే అనుకోవచ్చా?" అని నేరుగా అడిగి, "అవును" అన్నవాళ్లకే 1. ముందస్తు ఓటింగ్ మొదలయ్యాక ఎవరెవరు ఓటు వేశారో కౌంటీ మర్నాడే జాబితా పెడుతుంది. ఆ పేర్లు రోజూ కొట్టేస్తూ, ఇంకా వేయని 1లకే ఫోన్లు చేయండి. ఓటు వేసేసినవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లడం మన వాలంటీర్లు చేసే అతి పెద్ద వృథా.

ప్రశ్న: బరిలో ఉన్న ఐదుగురూ "నేనే అసలైన కన్జర్వేటివ్" అంటున్నారు. మా అభ్యర్థిని వేరుగా ఎలా చూపించాలి?
*ఆర్.ఎం., షార్లట్, నార్త్ కరోలినా*

ఆ మాట మీ కరపత్రంలోంచి తీసేసి చూడండి. మిగిలినదాంట్లో ఐదుగురిలో ఎవరిదైనా కావచ్చనిపించే వాక్యాలుంటే అవీ తీసేయండి. ఏం మిగిలిందో అదే మీ ప్రచారం. ఏమీ మిగలకపోతే ముద్రణకు వెళ్లొద్దు.

పనికొచ్చేది ఒకే ఒక్క విషయం మీద తేడా, అదీ ఓటరు సొంతంగా సరిచూసుకోగల తేడా. మీ రాష్ట్రంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1976లో రోనాల్డ్ రేగన్ న్యూ హాంప్‌షైర్, ఫ్లోరిడా, ఇల్లినాయ్ ప్రైమరీల్లో సిటింగ్ అధ్యక్షుడు ఫోర్డ్ చేతిలో ఓడి, డబ్బు కరిగిపోయిన స్థితిలో నార్త్ కరోలినాకు వచ్చాడు. అక్కడ సెనేటర్ జెస్సీ హెల్మ్స్, ఆయన వ్యూహకర్త టామ్ ఎల్లిస్ ప్రచారాన్ని అప్పట్లో అమెరికా చేతిలో ఉన్న పనామా కాలువ వైపు తిప్పారు. దాన్ని అప్పగించకూడదన్న వాదనతో, రేగన్ కెమెరా వంక చూస్తూ మాట్లాడిన అరగంట ప్రసంగాన్ని రాష్ట్రమంతా టీవీల్లో వేయించారు. మార్చి 23న రేగన్ గెలిచాడు. ఫోర్డ్ కూడా కన్జర్వేటివ్‌నే అనుకునేవాడు, కానీ ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకటి కాదని ఓటరుకు స్పష్టంగా తెలిసింది.

ప్రత్యర్థి సిటింగ్ సభ్యుడైతే ఆయన వేసిన ఓట్లే మీకు ముడిసరుకు. పోల్చి చూపే మెయిలర్ (తపాలాలో పంపే ప్రచార పత్రం) ఇలా ఉండాలి: పైన ఒకే ప్రశ్న. ఎడమవైపు ఆయన ఏం చేశారో ఒక వాక్యం, దాని కింద బిల్లు నంబరు, ఓటింగ్ తేదీ. కుడివైపు మీ అభ్యర్థి ఏం చేస్తారో ఒక వాక్యం. అడుగున "ఖర్చు భరించినది ఫలానా" అనే చట్టబద్ధ ప్రకటన. ఫెడరల్ పోటీల్లో దీన్ని గీతల డబ్బాలో విడిగా అచ్చువేయాలి. వెనకవైపు ఓటింగ్ తేదీలు, స్థలాలు.

ఇది బెడిసికొట్టేది బిల్లు దగ్గరే. సవరణ మీద వేసిన ఓటును బిల్లు మీద ఓటుగా రాస్తారు. చర్చ ముగించడానికి వేసిన ఓటును చట్టానికి మద్దతుగా చూపిస్తారు. లేదా అదే పేరుతో రెండు సభల్లో నడిచిన రెండు బిల్లుల్లో ఒకదాని బదులు ఇంకొకటి వేస్తారు. ప్రత్యర్థి మర్నాడు ఆ ఒక్క తప్పు పట్టుకుని పత్రికల ముందుకొస్తే, మీరు చెప్పిన మిగతా తొమ్మిది నిజాలూ కొట్టుకుపోతాయి. అందుకే అచ్చుకు ముందు మెయిలర్ రాయని మనిషి ఒకరు కూర్చుని సభ అధికారిక రికార్డుతో పోల్చి చూడాలి.

సంస్థలు పంపే ప్రశ్నావళుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తుపాకీ హక్కుల సంఘాలు, గర్భస్రావ వ్యతిరేక సంఘాలు, పన్నుల తగ్గింపు కోరే సంఘాలు పంపే పత్రాలకు జవాబివ్వకపోతే కొన్ని సంఘాలు గ్రేడు తగ్గిస్తాయి. ఇస్తే ఆ జవాబు శాశ్వతంగా ఉంటుంది. పన్నులు పెంచబోమన్న ప్రతిజ్ఞ పత్రం 1986 నుంచి నడుస్తోంది. దాని మీద సంతకం పెట్టి, గెలిచాక పన్ను పెంపుకు ఓటేసినవాళ్లకు తరువాతి ప్రైమరీలో ఆ కాగితమే ఎదురవుతుంది. నిజంగా కట్టుబడతారనుకుంటేనే సంతకం పెట్టాలి.

ప్రశ్న: ట్రంప్ మద్దతు ప్రత్యర్థికి దక్కింది. ఇక పోటీలో ఉండి లాభముందా?
*పి.కె., ఆల్ఫరెటా, జార్జియా*

రిపబ్లికన్ ప్రైమరీలో అంతకంటే బరువైన మద్దతు ఇప్పుడు లేదు, అది ఒప్పుకుని మొదలుపెట్టాలి. అయినా అది తిరుగులేనిది కాదు. మీ రాష్ట్రంలోనే 2022 మేలో గవర్నర్ బ్రయన్ కెంప్ ట్రంప్ బలపరిచిన డేవిడ్ పర్డ్యూను 73 శాతానికి పైగా ఓట్లతో ఓడించారు. కెంప్ ట్రంప్‌ను తిట్టలేదు. ప్రైమరీకి ముందు వారాల్లో అనుమతి లేకుండా తుపాకీ వెంట ఉంచుకునే చట్టం, ఆదాయపన్ను తగ్గింపు, పెట్రోలు పన్ను నిలుపుదల, ఒకదాని వెనక ఒకటి సంతకాలు పెట్టారు. ఆయన చేతిలో పదవి ఉంది, మీ అభ్యర్థికి ఉండకపోవచ్చు. కానీ పాఠం ఒకటే: మద్దతిచ్చినవారి మీదికి వెళ్లకుండా, ప్రత్యర్థి చేయలేని పని చూపించాలి. రాని మద్దతు వచ్చినట్టు ఫొటోలతో భ్రమ కల్పించే మెయిలర్లు మాత్రం వేయకండి. ఖండన లేఖ ఒక్కటి చాలు ప్రచారం కూలడానికి.

ప్రశ్న: మా సర్వేలో 20 పాయింట్లు ముందున్నాం. ప్రకటనలు తగ్గించి నవంబరుకు డబ్బు దాచుకోవచ్చా?
*పేరు వద్దన్నారు, వర్జీనియా*

వర్జీనియా నుంచి ఈ ప్రశ్న రావడం మమ్మల్ని కలవరపెట్టింది. 2014 జూన్ 10న మీ రాష్ట్రం ఏడో నియోజకవర్గం రిపబ్లికన్ ప్రైమరీలో అమెరికా ప్రతినిధుల సభ మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్ ఓడిపోయారు. ఆయన సొంత సర్వే 34 పాయింట్ల ఆధిక్యం చూపించింది. ఆయన ఖర్చు 50 లక్షల డాలర్లు దాటితే, ఓడించిన ప్రొఫెసర్ డేవ్ బ్రాట్ ఖర్చు సుమారు రెండు లక్షలు.

అంత తేడా ఎలా వచ్చిందో చూడండి. అక్కడ 2012 ప్రైమరీలో సుమారు 47 వేల ఓట్లు పడితే 2014లో 65 వేలు పడ్డాయి. ఎవరు ఓటు వేయడానికి వస్తారో ముందే నిర్ణయించుకుని చేసిన సర్వేకు కొత్తగా వచ్చేవాళ్లు కనిపించరు. సాధారణ ఎన్నికల సర్వేలో ఈ పొరపాటు రెండు మూడు పాయింట్లు తప్పిస్తుంది. తక్కువమంది వచ్చే ప్రైమరీలో ఫలితాన్నే తిరగేస్తుంది. కాంటర్ వలస విధానంలో మెత్తబడ్డారన్న విమర్శను బ్రాట్ నెలల తరబడి రేడియోలో, సభల్లో వినిపించారు. సమాధానంగా కాంటర్ వర్గం వేసిన ప్రకటనలు, అప్పటివరకు బ్రాట్ పేరు వినని వాళ్లకూ ఆ పేరు తెలిసేలా చేశాయి.

కాబట్టి సర్వే చేసినవాళ్లను మూడు అడగండి. ఎంతమంది ఓటేస్తారన్న అంచనాతో ఈ లెక్క వేశారు? ఆ సంఖ్య మూడో వంతు పెరిగితే ఆధిక్యం ఎంత? "ఎటూ తేల్చుకోలేదు" అన్నవాళ్లంతా ప్రత్యర్థి వైపు వెళితే ఎంత? సిటింగ్ సభ్యుడికి తెలిసిన పేరు ఉండి కూడా సర్వేలో సగం దాటకపోతే, ఎంత ఆధిక్యం ఉన్నా అది ప్రమాదమే. డబ్బు దాచుకోవద్దు.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను, మా ఆవిడకు గ్రీన్ కార్డు వచ్చింది. మా స్నేహితుడు కాంగ్రెస్ ప్రైమరీలో నిలబడ్డాడు. విరాళం ఇవ్వొచ్చా, ప్రచారంలో తిరగొచ్చా?
*జి.టి., ఎడిసన్, న్యూజెర్సీ*

మన సమాజంలో అందరికంటే ఎక్కువగా తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే వివరంగా చెబుతాం.

మీరు విరాళం ఇవ్వకూడదు. పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివాళ్లు ఫెడరల్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకు కూడా డబ్బు ఇవ్వడం నిషిద్ధం. మీ ఆవిడ ఇవ్వొచ్చు, తన డబ్బు అయితే. మీ డబ్బును ఆమె పేరుతో పంపితే అది ఇంకొకరి పేరు మీద విరాళం, నేరం. "నువ్వు ఇవ్వు, నేను తరవాత సర్దుతాను" అని పౌరసత్వం ఉన్న స్నేహితుడికి చెప్పడం కూడా అదే నేరం.

2025-26లో ఫెడరల్ అభ్యర్థికి ఒక వ్యక్తి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల వరకు ఇవ్వొచ్చు. ప్రైమరీ, రనాఫ్, నవంబరు ఎన్నిక వేర్వేరు లెక్క. మొత్తం 200 డాలర్లు దాటితే పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే సంస్థ వివరాలు బయటికి వస్తాయి. నగదు 100 డాలర్లకు మించకూడదు. కంపెనీ ఖాతా నుంచి చెక్కు రాయొద్దు, కార్పొరేషన్లు ఫెడరల్ అభ్యర్థులకు నేరుగా ఇవ్వకూడదు. మన వాళ్ల విందు సభల్లో కన్సల్టెన్సీ చెక్కులు అలవాటుగా వస్తుంటాయి. అలాంటివి వెంటనే వెనక్కి పంపి, పంపినట్టు కాగితం ఉంచుకోవాలి.

జీతం తీసుకోకుండా తలుపులు తట్టడం, ఫోన్లు చేయడం, కరపత్రాలు మడవడం మీరు చేయొచ్చు. డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలి, ఎవరిని పెట్టుకోవాలి అన్న నిర్ణయాల్లో మాత్రం పాలుపంచుకోకూడదు. అలాంటి సమావేశం మొదలైతే లేచి వచ్చేయండి.

ఒక మాట కూడా జతచేయాలి. 501సీ3 (పన్ను మినహాయింపు పొందే సేవా సంస్థ) నమోదు ఉన్న తెలుగు సంఘం ఒక అభ్యర్థిని బలపరచకూడదు, సంఘం హాలును ఒకరికి మాత్రం ఉచితంగా ఇవ్వకూడదు. అందరు అభ్యర్థులను ఒకే షరతులతో పిలిచి ప్రశ్నలు అడిగే సభ పెట్టుకోవచ్చు. కొత్త అభ్యర్థికి అలాంటి సభ వల్ల వచ్చే గుర్తింపు ఒక ప్రైవేటు విందులో రాదు.

ప్రశ్న: నేను ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. పెన్సిల్వేనియా ప్రైమరీలో ఓటు ఉంటుందా?
*డి.ఎల్., పిట్స్‌బర్గ్*

అభ్యర్థుల ఎంపికలో ఉండదు. పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, న్యూయార్క్‌ల్లో ప్రైమరీలు ఆ పార్టీలో నమోదైనవాళ్లకే. పార్టీ మార్చుకునే గడువు పెన్సిల్వేనియాలో ప్రైమరీకి 15 రోజుల ముందు, ఫ్లోరిడాలో 29 రోజుల ముందు. న్యూయార్క్‌లో ఫిబ్రవరి 14, ప్రైమరీ ఏమో జూన్‌లో. నార్త్ కరోలినాలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు ఏదో ఒక ప్రైమరీ ఎంచుకోవచ్చు. టెక్సస్, జార్జియాల్లో పార్టీ నమోదే లేదు.

ప్రచారం నడిపేవాళ్లకు దీంట్లో పని ఉంది. మూసిన ప్రైమరీ ఉన్న రాష్ట్రాల్లో మీకు అనుకూలంగా మాట్లాడిన స్వతంత్రులను విడి జాబితాలో రాసుకుని, గడువుకు నెల ముందే పార్టీ మార్పు ఫారం చేతికివ్వండి. గడువు దాటాక దొరికిన అభిమాని మీకు యార్డ్ సైన్ (ఇంటి ముందు పాతే ప్రచార బోర్డు) పెట్టగలడు, ఓటు వేయలేడు.

ప్రశ్న: రనాఫ్ వస్తే ఏం మారుతుంది? మళ్లీ అదే ప్రచారం చేస్తే సరిపోదా?
*వి.ఎన్., షుగర్ ల్యాండ్, టెక్సస్*

సరిపోదు. రనాఫ్ ఇంకో ఎన్నిక, దానికి వచ్చే జనం వేరు.

2012 మే 29న టెక్సస్ నుంచి అమెరికా సెనేట్ సీటుకు జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్‌కు 44 శాతానికి పైగా, టెడ్ క్రూజ్‌కు 34 శాతం వచ్చాయి. జూలై 31 రనాఫ్‌లో క్రూజ్ 56 శాతం దాటారు. మొదటిసారి సుమారు 14 లక్షల ఓట్లు, రెండోసారి 11 లక్షలు. పేరు తెలుసు కాబట్టి ఓటేసినవాళ్లు మండువేసవిలో రెండోసారి రాలేదు, పట్టుదల ఉన్నవాళ్లు వచ్చారు. నియోజకవర్గాల హద్దుల మీద కోర్టు వ్యాజ్యాల వల్ల ఆ ఏడాది ప్రైమరీ మార్చి నుంచి మేకు జరిగింది. అంతగా పేరు తెలియని క్రూజ్‌కు ఆ అదనపు నెలలు బాగా కలిసొచ్చాయి.

మొదటి రౌండులో ముందున్నవాళ్లకు రనాఫ్ ప్రమాదం ఇదే. అందుకే ప్రైమరీ రాత్రే చేయాల్సిన పనులున్నాయి. మూడో, నాలుగో స్థానంలో ఓడినవాళ్లకు మీ అభ్యర్థి స్వయంగా, ఫలితం తేలిన గంటలోపు ఫోన్ చేయాలి. వాళ్ల వాలంటీర్లను, వాళ్ల ఓటర్లను అడగాలి. ప్రైమరీలో వాళ్లను తిట్టి ఉంటే ఈ ఫోన్ ఎవరూ ఎత్తరు, అంటే రనాఫ్ ప్రచారం నిజానికి అక్టోబరులోనే మొదలైనట్టు. మొత్తం బడ్జెట్‌లో నాలుగో వంతు ముట్టకుండా ఉంచమని మా సలహా. ప్రైమరీకి మొత్తం ఖర్చుపెట్టి రనాఫ్‌కు చేరినవాళ్లు మొదటి రెండు వారాలు డబ్బు అడుక్కోవడంలోనే పోగొట్టుకుంటారు. జార్జియాలో ప్రైమరీకి, రనాఫ్‌కు మధ్య ఉన్నది నాలుగు వారాలే, అక్కడ రెండు వారాలు పోతే సగం ఎన్నిక పోయినట్టే.

టెక్సస్‌లో మార్చిలో డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓటేసినవాళ్లు రిపబ్లికన్ రనాఫ్‌లో వేయలేరు. అసలు ఏ ప్రైమరీకీ రానివాళ్లు వేయొచ్చు. కాబట్టి మీ రనాఫ్ జాబితాలో ముందు మార్చిలో రిపబ్లికన్ ఓటు వేసినవాళ్లు, ఆ తరవాత మీ అభ్యర్థికి 1 వేయించుకుని కూడా మార్చిలో ఇల్లు కదలనివాళ్లు. ఈ రెండో గుంపును చాలామంది మరిచిపోతారు. 2014లో మిసిసిపీలో సెనేటర్ థాడ్ కాక్రన్ తొలి రౌండులో క్రిస్ మెక్‌డానియల్ కంటే కాస్త వెనకబడి, మూడు వారాల తరవాత రనాఫ్‌లో సుమారు రెండు శాతం తేడాతో గట్టెక్కారు. తొలి రౌండుకు రాని ఓటర్లను, డెమొక్రాట్ల వైపు మొగ్గు ఉన్న నల్లజాతి ఓటర్లతో సహా, వెతికి తీసుకురావడం వల్లే. కన్జర్వేటివ్‌లలో ఆ పద్ధతి మీద కోపం ఇంకా ఉంది. కానీ నిబంధన అనుమతించింది, మెక్‌డానియల్ వర్గం దాన్ని ముందుగా ఊహించలేదు. టెక్సస్ రనాఫ్‌కు ముందస్తు ఓటింగ్ ఎన్నికకు పదో రోజు ముందు నుంచే, చాలా తక్కువ రోజులు ఉంటుంది. ఎవరిని ఏ రోజు ఓటు కేంద్రానికి తీసుకెళ్లాలో ముందే రాసుకోండి.

ప్రశ్న: "మీ పొరుగువారు ఓటేశారు, మీరు వేయలేదు" అని ఉత్తరాలు పంపితే ఓటింగ్ పెరుగుతుందట. మేమూ పంపొచ్చా?
*సి.హెచ్., డి మోయిన్, అయోవా*

పెరుగుతుందన్నది నిజం. 2006 ఆగస్టు మిషిగన్ ప్రైమరీలో గెర్బర్, గ్రీన్, లారిమర్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఏ ఉత్తరమూ అందనివాళ్లలో 29.7 శాతం ఓటేస్తే, ఇంట్లోవాళ్ల, పొరుగువాళ్ల ఓటింగ్ చరిత్ర అచ్చువేసి పంపిన ఇళ్లలో 37.8 శాతం ఓటేశారు. ఒక్క ఉత్తరానికి ఎనిమిది పాయింట్లు చాలా ఎక్కువ.

కానీ ఆ ఉత్తరం ఒక అభ్యర్థి పేరుతో వెళ్లలేదు. 2016లో మీ రాష్ట్రంలోనే, అధ్యక్ష పదవికి పోటీ చేసిన టెడ్ క్రూజ్ ప్రచారం "ఓటింగ్ ఉల్లంఘన" అన్న శీర్షికతో, పొరుగువాళ్ల పేర్లు, గ్రేడులతో మెయిలర్ పంపింది. రాష్ట్ర ఎన్నికల అధికారి పాల్ పేట్ బహిరంగంగా ఖండించారు. క్రూజ్ ఆ కాకసస్ (పార్టీ వాళ్లు స్థానిక సభల్లో చేరి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) గెలిచారు, నిజమే, కానీ చివరి రోజులు సంజాయిషీలతో గడిచాయి. మీది చిన్న పోటీ అయితే తట్టుకోలేరు. పొరుగువాళ్ల పేర్లు లేకుండా, "గత ప్రైమరీలో ఓటేసినందుకు ధన్యవాదాలు, ఈసారి కూడా రావాలి" అని రాసి పంపండి. ఎవరినీ నొప్పించకుండా అదే గుర్తుచేస్తుంది.

మెసేజ్‌లు పంపేటట్టయితే పది అంకెల నంబర్లను ముందే నమోదు చేయించుకోవాలి, లేకపోతే ఫోన్ కంపెనీలు ఆపేస్తాయి. చివరి వారంలో ఈ పని పెట్టుకుంటే మెసేజ్‌లు వెళ్లవు. "ఆపండి" అన్నవాళ్లను వెంటనే తీసేయాలి. ముందే రికార్డు చేసిన గొంతుతో సెల్‌ఫోన్లకు కాల్స్ చేయాలంటే వాళ్ల ముందస్తు సమ్మతి ఉండాలి. కృత్రిమ మేధతో తయారు చేసిన గొంతుకూ ఇదే వర్తిస్తుందని 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది. ఇంకో చిన్న జాగ్రత్త: తలుపు తీయలేదని కరపత్రాన్ని పోస్టుడబ్బాలో పెట్టకూడదు. స్టాంపు లేని కాగితం అందులో పెట్టడం ఫెడరల్ చట్ట ఉల్లంఘన. తలుపు సందులోనో, చాప కిందో పెట్టమని వాలంటీర్లకు మొదటి రోజే చెప్పండి.

ప్రశ్న: ప్రైమరీ గెలవాలంటే కుడివైపు గట్టిగా మాట్లాడాలి, నవంబరుకు మధ్యకు రావాలి అంటారు. ఇది సాధ్యమేనా?
*బి.ఆర్., సెయింట్ లూయిస్*

ఫోన్ కెమెరాలు వచ్చాక సాధ్యం కాదు. ఫిబ్రవరిలో అన్నమాట అక్టోబరులో ప్రకటనగా తిరిగొస్తుంది. ఏ సిద్ధాంతమైతే నవంబరులో కూడా నిలబడి చెప్పగలరో దాన్నే ప్రైమరీలో గట్టిగా చెప్పాలి. సిద్ధాంతం తగ్గించుకోమని కాదు, గొంతు అదుపులో పెట్టుకోమని.

మీ మిజోరీ దీనికి అసలైన పాఠం. 2012లో డెమొక్రాట్ సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ ఎదుటి పార్టీ ప్రైమరీలో టాడ్ ఎకిన్ "మరీ కన్జర్వేటివ్" అంటూ ప్రకటనలు వేయించారు. చూడడానికి విమర్శ, రిపబ్లికన్ ఓటరు చెవికి మాత్రం పొగడ్త. ముగ్గురి మధ్య పోటీలో ఎకిన్ 36 శాతంతో నెగ్గారు. రెండు వారాలు తిరక్కుండా అత్యాచారం గురించి టీవీలో నోరు జారి, నవంబరులో దాదాపు 16 పాయింట్ల తేడాతో ఓడిపోయారు. 2022లో మిషిగన్ మూడో నియోజకవర్గంలో డెమొక్రాట్ల ప్రచార కమిటీ జాన్ గిబ్స్ విషయంలో ఇదే చేసింది. గిబ్స్ సిటింగ్ సభ్యుడు పీటర్ మైయర్‌ను ఓడించి, నవంబరులో ఓడిపోయారు. మీ అభ్యర్థిని ఎవరో డబ్బు పెట్టి "మరీ కన్జర్వేటివ్" అంటుంటే సంబరపడకుండా ప్రకటన అడుగున ఖర్చు ఎవరిదో చదవండి.

రెండోవైపు చూడాలంటే 2021 వర్జీనియా ఉంది. గవర్నర్ అభ్యర్థిని ఎంపిక చేయడానికి అక్కడి రిపబ్లికన్లు ప్రైమరీ కాక, రాష్ట్రంలో చాలాచోట్ల ఒకే రోజు ప్రతినిధులు ఓటేసే కన్వెన్షన్ పెట్టారు. మొదటి ఎంపిక, రెండో ఎంపిక అంటూ వరుసగా అంకెలు వేయాలి. సుమారు 30 వేల మంది ఓటేశారు. అలాంటి పద్ధతిలో ప్రత్యర్థి మద్దతుదారు కూడా రెండో అంకె మీకే వేయగలడు, మీరు అతన్ని అవమానించకపోతే. గ్లెన్ యంగ్‌కిన్ ఆ ఎంపిక గెలిచి, ఎవరినీ దూరం చేసుకోకుండా నవంబరుకు చేరి, డెమొక్రాట్‌ల వైపు మొగ్గిన రాష్ట్రాన్ని గెలిచారు.

అభ్యర్థి కోసం పది క్లిష్టమైన ప్రశ్నలు రాసి, వాటికి 20 సెకన్ల జవాబులు తయారుచేసి, ప్రైమరీలోనూ నవంబరులోనూ అవే పదాలతో చెప్పించండి. గర్భస్రావం, వలస, వృద్ధుల పింఛను వ్యవస్థ, ఈ మూడూ ఆ పదిలో తప్పక ఉండాలి.

ప్రశ్న: మా హోమ్ ఓనర్స్ అసోసియేషన్ యార్డ్ సైన్లు తీసేయమంటోంది. తీసేయాలా?
*ఎం.ఎస్., ప్లేనో, టెక్సస్*

ఎన్నిక తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఎన్నిక అయ్యాక పది రోజుల వరకు మీ సొంత స్థలంలో పెట్టుకోనివ్వాలని టెక్సస్ చట్టం చెబుతోంది. అసోసియేషన్ కొన్ని పరిమితులు పెట్టొచ్చు: అభ్యర్థికి ఒకే సైన్, నేలలో పాతాలి, కొలత నాలుగడుగులు బై ఆరడుగులకు మించకూడదు. చెట్టుకు కట్టకండి. రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలంలో అసలు పెట్టకండి, తీసేసే హక్కు వాళ్లకుంది. రోడ్డు స్థలంలో పెట్టరాదన్న హెచ్చరిక వాక్యం సైన్ మీదే అచ్చయి ఉండాలి, ఆర్డరు ఇచ్చేముందు నమూనాలో అది ఉందో లేదో చూడండి. ఐదు వందల సైన్లు వచ్చాక ఆ వాక్యం లేదని తెలిస్తే స్టిక్కర్లు అచ్చువేయించి ఒక్కోదానికీ అతికించాల్సిందే.